ఏ మాట ఏ పనిదో: బిల్డ్ లాగ్ కథ

1970ల మధ్యలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఫోటోటైప్‌సెట్టర్ ఒకటి ఉండేది. దాని నుంచి వచ్చిన కాగితాన్ని, వాసన కొట్టే డెవలపర్ యంత్రంలోకి జాగ్రత్తగా ఎక్కించి కొన్ని నిమిషాలు ఆగితే గానీ అక్షరాలు కనిపించేవి కావు. ఒక మధ్యాహ్నం అక్కడి పరిశోధకులు కొందరికి ఒకే అనుభవం ఎదురైంది. తతంగమంతా పూర్తి చేసి చూసుకుంటే కాగితం మీద ఒకే ఒక్క వాక్యం ముద్దుగా అచ్చయి ఉంది: ఫలానా ఫైలు తెరవడం కుదరలేదని. తప్పు జరిగిందన్న కబురు కూడా అసలు ఫలితం వెళ్లే దారినే వెళ్లింది మరి. వాళ్ల విసుగు వినవలసినవాళ్ల చెవిన పడింది. కొద్ది రోజుల్లోనే అక్కడి ఆపరేటింగ్ సిస్టమ్ యూనిక్స్‌లో తప్పుల కబుర్లకు వేరే దారి వేశారు. దాని పేరు స్టాండర్డ్ ఎర్రర్.

ఈ సంగతి చెప్పింది యాక్ అనే ప్రసిద్ధ పనిముట్టును రాసిన స్టీవ్ జాన్సన్. మరో పనిముట్టు పుట్టుకకూ ఆయన విసుగే కారణం. 1976లో ఒకరోజు జాన్సన్ తన సహోద్యోగి స్టువర్ట్ ఫెల్డ్‌మన్ గదిలోకి తిట్టుకుంటూ వచ్చారు. ప్రోగ్రామ్‌లో తప్పు అప్పటికే సరిదిద్దారు. కానీ ఆ ఫైలును మళ్లీ కంపైల్ చేయలేదు. దాంతో సరిగ్గా ఉన్న ప్రోగ్రామ్‌లో లేని తప్పును వెతుకుతూ ఉదయమంతా పోగొట్టుకున్నారు. ఫెల్డ్‌మన్‌కూ అలాంటి అనుభవమే ఉంది. అప్పుడు పుట్టిందే మేక్. ఏ ఫైలు మారిందో, దాని మీద ఏవి ఆధారపడ్డాయో చూసుకుని, అవసరమైనవే మళ్లీ తయారుచేసే ఈ పనిముట్టుకు 2003లో ఏసీఎం సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు దక్కింది.

ఇలా ప్రోగ్రామ్‌ను తయారుచేయడమే బిల్డ్, ఆ సమయంలో ఆజ్ఞలు చెప్పే మాటల చిట్టాయే లాగ్. తొలినాళ్ల మేక్‌కు లాగ్ అనే సమస్యే లేదు. ఒక ఆజ్ఞ ముగిశాకే మరొకటి మొదలయ్యేది. తెర మీద పైనుంచి కిందికి చదువుకుంటూ పోతే ఏం జరిగిందో తెలిసిపోయేది.

అయితే, దేని మీద ఏది ఆధారపడిందో తెలిసిన పనిముట్టుకు ఇంకో సంగతి కూడా తెలుస్తుంది: ఒకదానితో ఒకటి సంబంధం లేని పనులేవో. అలాంటివాటిని ఒకేసారి నడపొచ్చు. 1980ల చివర్లో కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో ఆడమ్ డి బూర్ రాసిన పీమేక్ ఈ పని చేసింది. అక్కడి స్ప్రైట్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో, నెట్‌వర్క్ మీద ఖాళీగా ఉన్న కంప్యూటర్లకు సైతం కంపైల్ పనులు పంచిపెట్టేది. వేగం పెరిగింది, దాంతోపాటు గందరగోళమూ వచ్చింది. అందుకే తెర మీద మాట్లాడే పని మారినప్పుడల్లా పీమేక్ అడ్డగీతల మధ్య దాని పేరు రాసేది. బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌ల కుటుంబంలోని మేక్ నేటికీ ఆ అలవాటు మానలేదు.

ఆ గందరగోళాన్ని కాస్త దగ్గరగా చూడాలి. కంపైలర్ చెప్పే ఒక్క తప్పు చాలాసార్లు మూడు నాలుగు వరుసలు ఉంటుంది. మొదట ఫైలు పేరు, వరుస సంఖ్య, తప్పేమిటో. ఆ కింద అసలు కోడ్ వరుస. దాని కింద సరిగ్గా తప్పు ఉన్నచోటుకు బాణం గుర్తు. ఎనిమిది కంపైలర్లు ఒకే తెరకు రాస్తుంటే ఒకదాని కోడ్ వరుస కింద మరొకదాని బాణం వచ్చి కూర్చుంటుంది. ఇద్దరి మాటలూ నిజమే, కలిపి చదివితే మాత్రం అబద్ధం. ఇందులో ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే హామీ చాలా చిన్నది. ఒక ప్రోగ్రామ్ మాటలను మరొకదానికి చేర్చే పైపులోకి ఒకేసారి రాసింది లైనక్స్‌లో 4096 బైట్ల లోపు ఉంటేనే మధ్యలో మరొకరి రాత చొరబడదు. అది దాటితే, లేదా ముక్కలు ముక్కలుగా రాస్తే, ఆ హామీ లేదు.

పైగా ఒక పని విఫలమైనా, అప్పటికే మొదలైన మిగతావి ముగిసేదాకా, మేక్‌కు మరో రూపమైన గ్నూ మేక్ ఆగుతుంది. అవన్నీ మాట్లాడుతూనే ఉంటాయి. చివరికి తెర అడుగున కనిపించేది బిల్డ్ ఆగిపోయిందన్న కబురే. అసలు కారణం ఎక్కడో వందల వరుసల పైన ఉంటుంది. అందుకే ప్రోగ్రామర్లు మైనస్ జె 1 పెట్టి, అంటే మళ్లీ ఒక్కొక్క పనిగా, బిల్డ్‌ను మొదలుపెట్టి తప్పు వెతుక్కోవడం నేర్చుకున్నారు. సంపాదించిన వేగాన్ని చదవడం కోసం వదులుకోవడం ఇది.

2013 అక్టోబరులో వచ్చిన గ్నూ మేక్ 4.0 దీనికి ఒక మందు తెచ్చింది. అవుట్‌పుట్ సింక్ అనే ఆప్షన్ ఇస్తే ఒక్కో పని మాటలను తాత్కాలిక ఫైలులో దాచి, పని ముగిశాక ఒకేసారి తెర మీద పెడుతుంది. మంచి మందే కానీ అడిగితేనే ఇస్తుంది. అడగకపోతే ఈనాటికీ పాత కలగాపులగమే.

క్రోమ్ బ్రౌజర్ బృందంలో పనిచేస్తూ ఇవాన్ మార్టిన్ రాసిన నింజా ఈ విషయంలో మొహమాటపడలేదు. అప్పట్లో క్రోమ్‌కు మూలమైన క్రోమియంలో 30,000కు పైగా సోర్స్ ఫైళ్లు ఉండేవి. ఒక్క ఫైలు మార్చినా, పాత పనిముట్లు పని మొదలుపెట్టడానికే పది సెకన్లు తీసుకునేవి. నింజా దాన్ని సెకనులోపుకు దించింది. ఈ వేగం గురించి అందరూ చెబుతారు. ప్రతి ఆజ్ఞ మాటలనూ విడిగా పట్టి ఉంచి, అది ముగిశాకే చూపడం దాని సహజ ప్రవర్తన కావడం అంతకంటే గొప్ప నిర్ణయం. తప్పు జరిగితే ఆ తప్పుతోపాటు దానికి కారణమైన ఆజ్ఞ మొత్తం పక్కపక్కనే కనిపిస్తుంది.

దీనికీ ఒక మూల్యం ఉంది. మాటలు నేరుగా తెరకు కాక పైపులోకి వెళ్తున్నాయని కంపైలర్ గుర్తిస్తుంది. చదివేది మనిషి కాదేమోనని రంగులు తీసేస్తుంది. ఎర్రగా కనిపించాల్సిన ఎర్రర్ మామూలు అక్షరాల్లో కలిసిపోతుంది. రంగులు తప్పనిసరిగా వేయమని కంపైలర్‌కు విడిగా చెప్పుకోవాలి. ఇంకోటి, పది నిమిషాలు నడిచే టెస్ట్ మధ్యలో ఒక్క మాటా బయటికి రాదు. నడుస్తోందో, ఇరుక్కుపోయిందో తెలియదు. అలాంటి పనులకు తెరను నేరుగా అప్పగించే కన్సోల్ పూల్ అనే ఏర్పాటు నింజాలో తర్వాత చేర్చారు.

ఇవన్నీ తెర గురించిన జాగ్రత్తలు. తెర మీది రాత నిలవదు. పైగా మేక్ కుటుంబంలో ఒక చిక్కుంది. కంపైలర్ ఒక ఫైలు గురించి హెచ్చరిక చేసి, అయినా పని పూర్తిచేసిందనుకుందాం. మర్నాడు బిల్డ్ చేస్తే ఆ ఫైలు మారలేదు కాబట్టి దాన్ని కంపైల్ చేయరు, హెచ్చరికా మళ్లీ రాదు. లోపం కోడ్‌లో అలాగే ఉంటుంది, చెప్పేవాళ్లే ఉండరు. నింజా తన లాగ్ ఫైలులో ఏ పని ఏ మిల్లీసెకనులో మొదలై ఎప్పుడు ముగిసిందో రాసుకుంటుంది గానీ, ఆ పని ఏమన్నదో రాసుకోదు. పాత కంపైల్ ఫలితాలను దాచి ఉంచే, ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టిన సీకేష్ అనే పనిముట్టు ఇక్కడ ముందుచూపు చూపింది. పాత కంపైల్ ఫలితాన్ని అందించేటప్పుడు, ఆనాడు కంపైలర్ చేసిన హెచ్చరికలనూ తిరిగి వినిపిస్తుంది.

మాటలను భద్రపరచడాన్ని బిల్డ్ పనిలో భాగంగానే చేసుకున్న పనిముట్టు కోల్కన్. రోబోల సాఫ్ట్‌వేర్ అయిన రాస్ 2 ప్యాకేజీలను తయారుచేసేది ఇదే. ప్యాకేజీ మొదలైతే ఒక వరుస, ముగిస్తే పట్టిన సమయంతో ఇంకో వరుస తెర మీద పడతాయి. మామూలుగా వచ్చిన మాటలేవీ అక్కడ కనిపించవు, ఎర్రర్ దారిలో వచ్చినవి మాత్రం ప్యాకేజీ పేరుతో కలిపి చూపిస్తుంది. అంతా చూడాలనుకునేవారికి రెండు మార్గాలున్నాయి: వచ్చింది వచ్చినట్టు చూపమనొచ్చు, లేదా ఒక్కో ప్యాకేజీ ముగిశాక దాని మాటలన్నీ ఒక్కచోట పెట్టమనొచ్చు.

తెర మీద ఏది ఎంచుకున్నా, లాగ్ ఫోల్డర్‌లోకి మాత్రం మొత్తం చేరుతుంది. ప్రతి బిల్డ్‌కూ తేదీ, సమయంతో ఒక ఫోల్డర్, అందులో ప్యాకేజీకొకటి. తాజా బిల్డ్‌ను వెతుక్కోనక్కరలేకుండా దానికి ఒక లింకు. ప్యాకేజీ ఫోల్డర్ తెరిస్తే నడిపిన ఆజ్ఞలకు ఒక ఫైలు, మామూలు మాటలకు ఒకటి, ఎర్రర్ దారికి ఒకటి ఉంటాయి. వీటితోపాటు రెండు దారులనూ మళ్లీ కలిపి రాసిన ఫైలు కూడా ఉంటుంది. ఎర్రర్ ఒక్కటే చదివితే తప్పేమిటో తెలుస్తుంది, అది ఏ పని మధ్యలో వచ్చిందో తెలియదు. ఫోటోటైప్‌సెట్టర్ రోజుల్లో విడదీసిన దారులను ఇక్కడ కావాలనే ఒకచోటికి చేర్చారు. మరో ఫైలులో ప్రతి వరుసకూ ముందు, ఆ పని మొదలై ఎన్ని సెకన్లయిందో రాసి ఉంటుంది. ఒక వరుసకూ తర్వాతి వరుసకూ మధ్య నలభై సెకన్ల ఖాళీ కనిపిస్తే, బిల్డ్ ఎక్కడ నెమ్మదించిందో వెతకడం అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.