షాపుకు పెట్‌ను వెంట తీసుకెళ్లొచ్చా?

అల్ కుసైస్‌లో మన తెలుగు ఇళ్లలోనూ పిల్లులు, కుక్కపిల్లలు పెరుగుతున్నాయి. పిల్లలు అడుగుతారు, మనం కాదనలేం. ఆ తర్వాతే అసలు చిక్కు: సరుకులకు వెళ్లేటప్పుడు దాన్నేం చేయాలి?

దుబాయ్‌లో చాలా మాల్స్, సూపర్‌మార్కెట్లు పెట్స్‌ను రానివ్వవు. మెట్రోలోనూ అంతే, చూపులేని వారి గైడ్ డాగ్‌కు మాత్రమే మినహాయింపు. మున్సిపాలిటీ దగ్గర రిజిస్టర్ చేయించాం, మైక్రోచిప్ ఉంది, రేబిస్ టీకా ఏటా వేయిస్తున్నాం, ఇంకేం అభ్యంతరం అని కొందరు అడుగుతారు. అవన్నీ పెంచుకోవడానికి ఉండాల్సినవి. షాపులోకి రానివ్వడం వేరే సంగతి.

ఎలర్జీ మాట తీసుకుందాం. పిల్లి వెంట్రుకలు పడవు అంటుంటాం గానీ, ఎక్కువమందికి పడనిది వెంట్రుక కాదు, ఫెల్ డి 1 అనే ప్రొటీన్. అది పిల్లి లాలాజలంలో, చర్మగ్రంథుల్లో తయారవుతుంది. ఒళ్లు నాక్కున్నప్పుడు బొచ్చుకు అంటుకుని, ఎండి, సన్నటి రేణువులుగా గాల్లోకి లేస్తుంది. ఏసీ గదుల్లో చాలాసేపు తేలుతూనే ఉంటుంది. రోజూ స్నానం చేయించినా పూర్తిగా పోదు. అయితే అదే ప్రొటీన్ మన బట్టలకు అంటుకుని కూడా షాపులోకి వస్తుంది. కాబట్టి ఎలర్జీ ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. కూరగాయలు, బ్రెడ్డు, ఆలివ్‌లు మూతల్లేకుండా పెట్టి అమ్మే చోట జంతువు వద్దనడమే నాకు గట్టి కారణంగా కనిపిస్తుంది. బట్టల షాపో, ఫర్నిచర్ షాపో అయితే అది యజమాని ఇష్టం.

భయం సంగతి కూడా ఉంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు వీధికుక్కల దాడిలో చనిపోయిన వార్త మనలో ఎవరూ మరచిపోలేదు. అలాంటి ఊళ్ల నుంచి వచ్చిన తల్లికి ఇరుకు వరసలో ఎదురయ్యే బుజ్జి పొమెరేనియన్ కూడా కుక్కే. ఇక ఇక్కడి ముస్లిం ఇరుగుపొరుగుల్లో చాలామంది నమాజుకు వెళ్లే బట్టలకు కుక్క లాలాజలం అంటకుండా చూసుకుంటారు. లిఫ్టులో అప్పటికే ఎవరైనా ఉంటే మనం తర్వాతిది ఎక్కడం మర్యాద.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు రూలు వేరు. అక్కడి వికలాంగుల హక్కుల చట్టం ఏడీఏ ప్రకారం, శిక్షణ పొందిన సర్వీస్ డాగ్‌ను కిరాణా షాపులోకీ రానివ్వాలి. దాని పని స్పష్టంగా కనిపించనప్పుడు సిబ్బంది అడగగలిగేవి రెండే: వైకల్యం వల్ల ఈ కుక్క అవసరమా? ఏ పనికి శిక్షణ ఇచ్చారు? కాగితాలు చూపించమనకూడదు. పక్కనుంటే మనసుకు ధైర్యంగా ఉంటుందని తెచ్చుకునే ‘ఎమోషనల్ సపోర్ట్’ జంతువులకు ఈ హక్కు లేదు. మామూలు పెంపుడు కుక్కకు ఆన్‌లైన్‌లో కొన్న సర్వీస్ డాగ్ కోటు తొడిగి తీసుకెళ్లేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. వాళ్ల కుక్క షాపులో మొరిగితే, రేపు నిజంగా చూపులేని మనిషి గైడ్ డాగ్‌తో వచ్చినప్పుడు గుమ్మం దగ్గర అనుమానంగా చూస్తారు.

షాపులోకి రానివ్వరు కదా అని పెట్‌ను కారులో వదిలి వెళ్లడం మాత్రం అన్నిటికంటే ప్రమాదం. 2005లో వచ్చిన స్టాన్‌ఫర్డ్ పరిశోధనలో, ఎండలో ఆపిన కారు లోపలి వేడి గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దం కాస్త దించినా పెద్దగా తేడా రాలేదు. మన జూలై ఎండకు ఆ 22 కలిపి చూడండి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే వేడి తగ్గించుకోవాలి. కారులో గాలే కాలిపోతుంటే రొప్పినా లాభం లేదు. షాపు బయట కట్టేసినా పాదాలు కాలతాయి. మీ అరచేతి వెనుక భాగం ఆ నేల మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి, మీరు ఓర్చుకోలేకపోతే అదీ ఓర్చుకోలేదు.

దాన్ని ఇంట్లో ఏసీలో, గిన్నెలో నీళ్లు పోసి ఉంచి వెళ్లండి. వాకింగ్‌కు పొద్దు బాగా వాలాక తీసుకెళ్లండి. ఇంట్లో ఒంటరిగా వదల్లేని చిన్న పిల్లయితే, మీ బిల్డింగ్ కింది గ్రోసరీకి ఫోన్ చేయండి, పాలూ కొత్తిమీరా గుమ్మం దాకా తెచ్చిస్తారు.