తుంటికి రెండో ఆపరేషన్: తెలుసుకోదగ్గ విశేషాలు

తుంటి మార్పిడి చేయించుకున్నవారిలో ఎక్కువమందికి కొత్త కీలు ఇరవయ్యేళ్లు, ఆపైన కూడా పనిచేస్తుంది. అది వదులైనా, అరిగినా, చీము పట్టినా, మాటిమాటికీ జారినా మళ్లీ ఆపరేషన్ తప్పకపోవచ్చు. అదే రివిజన్. కీలు ఎందుకు చెడిందో తేల్చాకే సర్జన్ దారి ఎంచుకుంటారు.

• ఆధునిక తుంటి మార్పిడికి ఆద్యుడు జాన్ ఛార్న్లీ ఇంగ్లండులో మొదట కీలు బంతి తిరిగే చోట టెఫ్లాన్ గిన్నెలు అమర్చారు. కొద్ది ఏళ్లకే అవి అరిగిపోయి, మళ్లీ ఆపరేషన్లు చేయాల్సి వచ్చింది. టెఫ్లాన్‌ను తన తొడలోనే పెట్టించుకుని పరీక్షించారాయన. 1962లో గట్టి పాలిథిన్ గిన్నెకు మారాకే ఈ వైద్యం నిలదొక్కుకుంది.

• రివిజన్‌కు ఎక్కువగా వాడేది పిరుదు వెనక నుంచి వెళ్లే దారి. అవసరాన్నిబట్టి పైకీ కిందికీ పొడిగించుకోవచ్చు. ముందువైపు నుంచి గిన్నె మార్చడం వీలవుతుంది గానీ తొడ ఎముకలోకి చేరడం కష్టం.

• తొడ ఎముకలో దిగిన లోహపు కాడ ఊడిరాకపోతే? ఎముక బయటివైపు సుమారు 12–15 సెంటీమీటర్ల మేర కోసి, కండరం అంటి ఉండగానే తలుపు రెక్కలా తెరుస్తారు. కాడ, సిమెంటు తీసేసి, మళ్లీ మూసి తీగలతో బిగిస్తారు. ఎముక అతుక్కుంటుంది.

• చీము పడితే చాలాచోట్ల రెండు విడతల్లో చేస్తారు. ముందు పాత కీలు తీసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు దిమ్మ పెడతారు. చీము తగ్గాక కొత్త కీలు అమరుస్తారు. ఆ మందు కొంత రక్తంలోకీ చేరి, కిడ్నీలకు ఇబ్బంది కలిగించవచ్చు. అందుకే కవిటి, సోంపేట, పలాస వైపు ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ రోగుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

• లోహపు బంతి లోహపు గిన్నెలో తిరిగితే రాపిడికి కోబాల్ట్, క్రోమియం రక్తంలో కలుస్తాయి. వాటిని బయటికి పంపేది మూత్రపిండాలే. ఇలాంటి ఏఎస్ఆర్ కీళ్లను డెప్యూ సంస్థ 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. మన దేశంలో సుమారు 4,700 ఆపరేషన్లలో వాటిని వాడారు.

• సికిల్‌సెల్ జబ్బు ఉన్న కొందరిలో తొడ ఎముక తల రక్తం అందక చచ్చుబడుతుంది. పార్వతీపురం, సీతంపేట ఏజెన్సీ గిరిజనుల్లో ఈ జబ్బు ఉంది. ఇలా చిన్న వయసులోనే తుంటి మార్చుకున్నవారికి ముందుముందు రివిజన్ అవసరం రావచ్చు. కాబట్టి తొలి ఆపరేషన్లోనే ఎముకను వీలైనంత మిగల్చాలి.

• అరిగి గుంటపడిన చోట దాత ఎముకను ముక్కలు చేసి దట్టంగా కూరుతారు. ఇతరుల తుంటి మార్పిడిలో తీసేసిన ఎముక తలలనే బోన్‌బ్యాంకులు ఇందుకు భద్రపరుస్తాయి.

• మాటిమాటికీ జారే తుంటికి ఫ్రాన్సులో 1970లలో జిల్ బూస్కే రెండు చోట్ల కదిలే గిన్నె తయారుచేశారు. నేటికీ రివిజన్లలో అది ఎంతో ఆసరా.

• కీలు తయారీ సంస్థ, సైజు, లాట్ నంబరు ఉండే స్టిక్కరును కేస్‌షీట్‌లో అంటిస్తారు. దాని నకలు తప్పక అడిగి తీసుకోండి. శ్రీకాకుళం, విజయనగరం నుంచి పనికి వలస వెళ్లేవారికి తొలి ఆపరేషన్ ఒక ఊళ్లో, రెండోది మరో ఊళ్లో జరగవచ్చు. ఆ కాగితం ఉంటే లోపల ఏముందో రెండో సర్జన్‌కు ముందే తెలుస్తుంది, సరైన పనిముట్లు సిద్ధం చేసుకుంటారు.