గమేళా మోసే చేతికి తాపీ

ఊళ్ళో కొత్త ఇల్లు లేస్తే ముందు కనిపించేది బయటి గోడ. దాని నునుపు చూసి యజమాని హోదా లెక్కేస్తారు. ఆ నునుపు తెచ్చిన చేతులెవరివని ఎవరూ అడగరు. మేం చూసిన పనుల్లో ఇసుక జల్లించేది, మాలు కలిపేది, గమేళా నెత్తిన పెట్టుకుని పరంజా దాకా చేర్చేది ఎక్కువగా మాల, మాదిగ వాడల నుంచి వచ్చిన ఆడవాళ్ళు, కుర్రాళ్ళు. తాపీ మాత్రం చాలాచోట్ల తండ్రి నుంచి కొడుక్కి, బావ నుంచి బావమరిదికి పోతుంది. పదేళ్ళు మాలు మోసిన మనిషి పదకొండో ఏడు కూడా హెల్పరే. కూలి తేడా అక్కడే మొదలవుతుంది.

అందుకే ఈసారి సిద్ధాంత చర్చ కొంచెం పక్కనపెట్టి బయటి గోడ ప్లాస్టింగు ఎలా చేస్తారో రాస్తున్నాం. చేతిపనికి పత్రికలో చోటెందుకని కొందరు అడగొచ్చు. చేతిపనిని జ్ఞానం కాదనడమే కులం చేసిన మొదటి పని. ఇక్కడ చెప్పేదేదీ రహస్యం కాదు. చెప్పేవాళ్ళు లేక అలా మిగిలిపోయింది, అంతే.

ఇసుక, సిమెంటు, నీళ్ళు

మంచి ప్లాస్టింగు ఇసుక దగ్గరే తేలిపోతుంది. గాజు గ్లాసులో సగం ఇసుక పోసి, నీళ్ళు నింపి, బాగా కలిపి కొన్ని గంటలు కదపకుండా ఉంచాలి. అడుగున ఇసుక, పైన ఒండ్రు పొరలుగా పేరుకుంటాయి. ఒండ్రు పొర ఇసుకలో పన్నెండో వంతు మించితే ఆ ఇసుక కడగాలి, లేదా మార్చాలి. మట్టి ఎక్కువైన మాలు ఆరేటప్పుడు ముడుచుకుని నెర్రెలిస్తుంది. రోబో ఇసుకైతే కాంక్రీటుకి వేరు, ప్లాస్టింగుకి వేరు. ఒకదాని బదులు ఇంకోటి వాడకూడదు.

మన దగ్గర బయటి గోడకి మామూలుగా రెండు కోట్లు వేస్తారు. మొదటిది 16 మిల్లీమీటర్లు, ఒక పాలు సిమెంటుకి ఆరు పాళ్ళ ఇసుక. రెండోది 4 మిల్లీమీటర్లు, ఒకటికి నాలుగు. 50 కిలోల సిమెంటు బస్తా సుమారు 35 లీటర్లవుతుంది. అంత పట్టే పెట్టె ఒకటి చేయించుకుంటే కొలత తప్పదు. పారతో ఎత్తి 'ఇదే ఆరు' అనుకుంటే రోజు మొదట్లో కలిపిన మాలు ఒకటి, సాయంత్రం కలిపింది ఇంకొకటి అవుతుంది. ముందు పొడిగా రంగు ఒకేలా వచ్చేదాకా తిప్పి, తర్వాతే నీళ్ళు పోయాలి. అరగంటలో అయిపోయేంతే కలుపుకోవాలి. బిగుసుకున్న మాలులో మళ్ళీ నీళ్ళు పోస్తే మెత్తబడుతుంది గానీ బలం పోతుంది.

గోడని సిద్ధం చేయడం

ఇటుకల మధ్య సందుల్ని 10 మిల్లీమీటర్ల లోతున గీకాలి. మాలు పట్టుకునేది అక్కడే. దుమ్ము దులిపి గోడ తడపాలి. పొడి ఇటుక మాలులోని నీళ్ళు లాగేసుకుంటుంది, సిమెంటు గట్టిపడక పొర ఊడిపోతుంది. అలాగని నీళ్ళు కారుతున్న గోడ మీద వేస్తే జారిపోతుంది. చెయ్యి పెడితే చల్లగా ఉండాలి, తడి అంటకూడదు. కాంక్రీటు స్తంభం నున్నగా ఉంటుంది కాబట్టి సుత్తితో గాట్లు పెట్టాలి. స్తంభం, ఇటుక కలిసేచోట కోళ్ళగూటి జాలి కొట్టాలి. ఆ రెండూ ఎండకి ఒకేలా సాగవు, అందుకే అక్కడ నిలువుగా చీలిక వస్తుంది.

కొట్టడం, లాగడం, రుద్దడం

పై నుంచి తూకంగుండు వదిలి, ఆరేడు అడుగులకొకటి చొప్పున గోడ మీద చిన్న మాలు బిళ్ళలు పెడతారు. వాటి ముఖాలన్నీ ఒకే నిలువులో ఉండాలి. రెండు బిళ్ళల మధ్య మాలు నింపితే పట్టీ తయారవుతుంది. పట్టీల మధ్య ఖాళీ నింపి, పొడవాటి బద్ద ఆనించి పైకి లాగితే ఎక్కువైంది రాలిపోతుంది, పల్లం తెలిసిపోతుంది.

కొత్తవాళ్ళు తడబడేది మాలు కొట్టడంలో. తాపీతో అతికించకూడదు, మణికట్టు తిప్పి విసరాలి. ఆ దెబ్బకి గాలి బయటికిపోయి మాలు ఇటుకని పట్టుకుంటుంది. మొదటి కోటు మీద తడిగా ఉన్నప్పుడే గీతలు గీయాలి, రెండోది పట్టడానికి. రెండో కోటుని చెక్కతో గుండ్రంగా రుద్ది, తడి స్పాంజితో ముగిస్తారు. పని పై నుంచి కిందికి, ఎండ లేని వైపు నుంచి సాగాలి. సన్‌షేడ్ అడుగున అంచు పొడుగునా చిన్న గాడి తీస్తే వాననీరు గోడ మీదికి పాకకుండా అక్కడే రాలిపోతుంది. తర్వాత కనీసం ఏడు రోజులు నీళ్ళు కొట్టాలి.

తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. చేతులకి తొడుగులు అడగడం సోకు కాదు. ఊగే పరంజా మీదికి ఎక్కనని చెప్పడం పిరికితనం కాదు.

నేర్చుకునే చోటు

ఇంటివాళ్ళ గోడ మీద నేర్చుకోనివ్వరు, మాలు పాడవుతుందంటారు. కాబట్టి వాడలో ఏదైనా పాతగోడ మీద ఇసుక, సున్నం కలిపి విసరడం అలవాటు చేసుకోవచ్చు. అది త్వరగా గట్టిపడదు, గీకి మళ్ళీ వాడొచ్చు. ఖర్చు ఒక తాపీ, ఒక చెక్క, ఒక గుండు.

మన అమ్మలు మట్టిగోడకి పేడ, గడ్డి కలిపిన మట్టి మెత్తేవాళ్ళు. గోడ ఎంత తడిగా ఉండాలో, చెయ్యి ఎంత నొక్కాలో వాళ్ళకి తెలుసు. ఇటుక గోడ వచ్చేసరికి అదే చేతిని నైపుణ్యం లేని చెయ్యి అన్నారు. ఒకే పనికి ఒకే కూలి అని 1976లోనే చట్టం వచ్చింది, 2019 వేతనాల కోడ్‌లోనూ మాట అదే. తాపీ ఇవ్వకపోతే అది 'ఒకే పని' కాకుండా పోతుంది, చట్టం పక్కకి తప్పుకుంటుంది. మెలిక ఇక్కడుంది.

భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది. 18 దాటి 60 లోపున్నవాళ్ళు, గడిచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసివుంటే పేరు నమోదు చేసుకోవచ్చన్న నిబంధన 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. ఆ కార్డు తీసుకోండి. మధ్యాహ్నం అన్నాలయ్యాక మేస్త్రి పడుకున్న ఆ అరగంట తాపీ పట్టండి. మొదటి పట్టీ వంకరే వస్తుంది. గీకేసి మళ్ళీ కొట్టండి.