సముద్రానికి ఆవల తొలి కాన్పు

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలనేది మన తెలుగునాట మతంతో నిమిత్తం లేని ఆచారం. ఏడో నెల రాగానే తల్లిదండ్రులు వెళ్ళి కూతుర్ని పిలుచుకొని రావటం, పురుడు పోసి, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో సహా అత్తవారింటికి పంపటం అందరిళ్ళలోనూ ఉన్నదే. మా క్రైస్తవుల ఇళ్ళలోనూ అంతే. గాజులు తొడిగేటప్పుడు మంత్రాలకు బదులు కీర్తన పాడతారు, పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. పూలూ, గాజులూ, పిండివంటలూ మాత్రం అవే.

పెద్దలు ఈ ఆచారం ఊరికే పెట్టలేదు. తొలిసారి కడుపుతో ఉన్న పిల్లకు ప్రతిదీ భయమే. బిడ్డ కదిలితే భయం, కదలకపోతే మరీ భయం. అత్తగారిని అడగటానికి బిడియపడే సంగతులు అమ్మనైతే అర్ధరాత్రి లేపి అడగవచ్చు. మరి పుట్టిల్లు సముద్రానికి ఈవల, పిల్ల ఆవల ఉంటే ఆ బిడియం, ఆ భయం ఎవరికి చెప్పుకోవాలి?

మా రాయలసీమలో ఇది ఎక్కడో ఒకరి ఇంటి ప్రశ్న కాదు. రాయచోటి, రాజంపేట, కడప, కదిరి వైపు కువైట్‌లో మనిషి లేని వీధి అరుదు. కారణం వేరే చెప్పాలా? అనంతపురంలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. దేశంలో తక్కువ వాన పడే జిల్లాల్లో మనదీ ఒకటని బడిపిల్లలు కూడా అప్పజెబుతారు. అదైనా సమయానికి పడితేగదా! చెనక్కాయ విత్తి మొగులు వంక చూసి చూసి మెడలు పట్టేసినవాళ్ళు చివరకు విమానం ఎక్కుతారు. చిత్రమేమంటే, వాళ్ళు వెళ్ళే కువైట్‌లో పడే వాన మన వానలో నాలుగో వంతు కూడా ఉండదు!

తెలుగు చెప్పుకొని బ్రతికేదాన్ని గనుక ఒక మాట గుర్తుచేస్తాను. కడుపు పండితే ‘నీళ్ళు పోసుకుంది’ అంటాము. కాన్పు అయితే ‘నీళ్ళాడింది’ అంటాము. ఆరంభానికీ నీళ్ళే, ముగింపుకూ నీళ్ళే. నీటికి ముఖం వాచిన మా సీమలో ఈ రెండు మాటల మధ్య ఉండే తొమ్మిది నెలలు ఎలాంటివో నేను మా చెల్లెలి విషయంలో చూశాను.

మా చెల్లెలు కువైట్‌లో నర్సు. మరిది అక్కడే ఒక కంపెనీలో ఎలక్ట్రీషియను. పెళ్ళైన మూడేళ్ళకు, 2018లో, నీళ్ళు పోసుకున్నదని తెలిసి మేము సంతోషించేలోపే మూడో నెలలో ఆ ఆశ పోయింది. మళ్ళీ 2019 చివర కబురు తెలిసినప్పుడు ఎవరమూ పైకి సంతోషించలేదు. అమ్మ మాత్రం పాత చీరలు తీసి బొంత కుట్టటం మొదలుపెట్టింది. ఏప్రిల్‌లో సెలవు పెట్టి రావాలనీ, జూలైలో ఇక్కడే కాన్పు కావాలనీ అనుకున్నాము. టిక్కెట్టు కూడా తీసుకున్నారు.

అప్పుడు కరోనా వచ్చింది. 2020 మార్చి 22 నుంచి మన దేశానికి విదేశీ విమానాలు ఆగిపోయాయి. 25 నుంచి ఇక్కడ లాక్‌డౌను. అక్కడ కువైట్‌లో మొదట రాత్రి కర్ఫ్యూ, మే 10 నుంచి 30 దాకా పూర్తి కర్ఫ్యూ. శుక్రవారం ఆరాధనలు కూడా నిలిచిపోయాయి. కువైట్‌లో వారాంతపు సెలవు శుక్రవారం కాబట్టి మన ఆదివారపు ఆరాధన అక్కడ ఆ రోజు జరుగుతుంది. అక్కడి నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో తెలుగుతో సహా ఎన్నెన్నో భాషల సంఘాలు ఒకదాని తరువాత ఒకటి కూడుకుంటాయి. వారమంతా అరబ్బీ, ఇంగ్లీషు వినే చెవులకు అక్కడ దొరికే ఆ గంటన్నర తెలుగు ఎంత ఊరటో మా చెల్లెలు చెబుతూ ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

మే 7న ‘వందేభారత్’ విమానాలు మొదలయ్యాయి. గర్భిణులకు ముందు అవకాశం ఇస్తామన్నారు. కువైట్ నుంచి హైదరాబాదుకూ విమానం వేశారు. మా ఇంట్లో దీపం వెలిగించినట్లయింది. కాని అప్పటికి చెల్లెలికి ఎనిమిదో నెల. రక్తపోటు కొంచెం పెరిగింది. ప్రయాణం, దిగిన తరువాత క్వారంటైను, ఆపైన హైదరాబాదు నుంచి అనంతపురం దాకా కారులో రావటం — ఇంత సాహసం వద్దన్నది అక్కడి డాక్టరమ్మ. వస్తే దారిలో ఏమౌతుందో! రాకపోతే పురుటి మంచం పక్కన అమ్మ ఉండదు!

అమ్మ మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. నాలుగో రోజు ఫోను తానే తీసుకొని, “నువ్వు కదలొద్దు తల్లీ. నేనే వస్తా నీ దగ్గరికి, మోకాళ్ళ మీద” అన్నది.

ఆ రోజు నుంచి రాత్రి ఎనిమిదిన్నరకు మా ఇంట్లో ప్రార్థన. అక్కడ అప్పుడు సాయంత్రం ఆరు. మా సంఘంలోని స్త్రీల సమాజం వాళ్ళు ఎవరి ఇళ్ళలో వాళ్ళు ఉండి ఫోనులో కలిసేవారు. ఒకరు కీర్తన ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునేవారు. ఫోనులో అందరి గొంతులూ ఒక్కసారి రావు. ఒకరు చరణం ముగించేసరికి ఇంకొకరు పల్లవిలో ఉండేవారు. నవ్వు వచ్చేది. నవ్వు వచ్చినందుకే కొన్ని రాత్రులు చెల్లెలికి నిద్ర పట్టేదట.

ఆలోచిస్తే, పుట్టిల్లు సముద్రానికి ఆవల ఉన్న గర్భిణిని మన సీమ ఏనాడో చూసింది. అప్పట్లో దిశ వేరు. అనంతపురం జిల్లా 1882లో ఏర్పడక ముందు మనది బళ్ళారి జిల్లా. ఆ బళ్ళారికి లండన్ మిషను వారు 1810లో వచ్చారు. ఆ తరువాత ఈ ఎర్రనేలకు వచ్చిన మిషనరీల భార్యల పుట్టిళ్ళు ఇంగ్లండులో ఉండేవి. తొలి రోజుల్లో ఓడ ఆఫ్రికా కొన చుట్టి రావాలి, నెలల తరబడి ప్రయాణం. నీళ్ళు పోసుకున్నానని తల్లికి రాసిన ఉత్తరానికి జవాబు వచ్చేలోపు పురుడు అయిపోయి ఉండేదన్నమాట! మన కాలంలోనే, 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్‌ను 1970లో పెళ్ళాడిన అన్నే గారు ఇంగ్లండు ఆడపడుచు. వారి ముగ్గురు పిల్లలూ ఈ కరువు నేల మీదే పెరిగారు. ఈ దంపతులు నెలకొల్పిన సంస్థ బత్తలపల్లిలో నడిపే ఆసుపత్రిలో ఈనాడు మన పల్లెల ఆడవాళ్ళు కాన్పు పోసుకుంటున్నారు.

కువైట్‌కూ ఇలాంటి కథ ఉన్నది. అక్కడికి మొట్టమొదటి లేడీ డాక్టరుగా 1912లో వెళ్ళిన ఎలినార్ కాల్వర్లీ అమెరికా మిషను ఆవిడ, ముగ్గురు కూతుళ్ళ తల్లి. ఆమెను పంపిన సంఘమూ, మన పొరుగున వేలూరు ఆసుపత్రికి ప్రాణం పోసిన ఐడా స్కడ్డర్‌ను పంపిన సంఘమూ ఒకటే. ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు పురిటి నొప్పులతో చనిపోవటం చూసి తాను డాక్టరు కావాలని పట్టుబట్టిన ఐడా కథ మనలో చాలామందికి తెలిసినదే. కువైట్‌లోని ఆ మిషను ఆసుపత్రి 1967లో మూతబడింది. ఆ కట్టడం ఇప్పుడు సాంస్కృతిక కేంద్రంగా నిలిచి ఉన్నది.

ఈ కథలన్నిటికన్నా మా చెల్లెలికి దగ్గరైనది మరియమ్మ కథ. ప్రతి డిసెంబరులోనూ పశువుల తొట్టి బొమ్మ చూస్తాము గాని, అందులో ఉన్నది పుట్టింటికి దూరంగా తొలి కాన్పు అయిన పిల్ల అని ఎంతమందికి తోస్తుంది? లూకా సువార్త ప్రకారం ఆమె నీళ్ళు పోసుకున్న కొత్తలో బంధువైన ఎలీసబెతు ఇంటికి పోయి సుమారు మూడు నెలలు ఉన్నది. కడుపుతో ఉన్న మరో స్త్రీని వెతుక్కొని పోయిందన్నమాట. నెలలు నిండేసరికి జనాభా లెక్కల కోసం నజరేతు విడిచి బేత్లెహేము రావలసి వచ్చింది. సత్రంలో చోటు లేదు. తల్లి లేదు. ఆపైన పసిబిడ్డతో పరాయి దేశమైన ఐగుప్తుకు పారిపోవటం!

“మరియమ్మకు చోటు లేదు గాని మనుషులున్నారక్కా. నాకు చోటు ఉంది, మనుషులు కావాలి” అన్నది చెల్లెలు ఒక రోజు.

ఆ మనుషులూ వచ్చారు. కింది అంతస్తులో రాయచోటి వైపు ముస్లిమమ్మ ఒకామె, ఒక మెస్సులో వంట చేసేది. అవి రంజాను రోజులు. ఉపవాసం విడిచే వేళకు తనకు చేసుకున్న దానిలో ఒక గిన్నె మెట్ల మీద పెట్టి, తలుపు తట్టి దూరంగా నిలబడేదట. “తిను బిడ్డా, రెండు ప్రాణాల దానివి” అని కేక వేసేదట. ఆసుపత్రిలో మలయాళీ నర్సు ఒకామె తన డ్యూటీ మార్చుకొని కాన్పు రోజుకు సిద్ధంగా ఉన్నది. మోషే కథలో షిఫ్రా, పూయా అని ఇద్దరు మంత్రసానులు వస్తారు. ఆ కథలోని రాజు ఫరోకు సొంత పేరు లేదు, ఈ మంత్రసానులకు మాత్రం ఉన్నది. నా మట్టుకు అది చిన్న సంగతి కాదు.

ప్రార్థన ఉన్నది గదా అని చెల్లెలు ఒక్క పరీక్ష మానలేదు. గర్భిణికి కనీసం ఎనిమిది సార్లు పరీక్ష జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. ఆ లెక్క గోడ మీద రాసి పెట్టుకొని ఒక్కొక్కటి కొట్టివేస్తూ వచ్చింది. ఇనుము బిళ్ళలు వేళకు వేసుకుంది. రక్తపోటు రోజూ చూసుకుంది. “దేవుడు బిడ్డను ఇచ్చే తీరతాడన్న ధైర్యం కాదక్కా నాది. మొదటిసారీ ప్రార్థన చేశాను గదా! ఏం జరిగినా ఒంటరిగా వదలడన్న ధైర్యం” అన్నది. ఆ మాట విన్నాక నాకు మా రైతులు గుర్తుకు వచ్చారు. వాన ఎన్నిసార్లు మోసం చేసినా, మొదటి పదును కాగానే మళ్ళీ విత్తనం తీస్తారు. వాళ్ళకు వాన మీద నమ్మకమని అంటారు. నాకు మాత్రం అది వానను మించిన నమ్మకంగా కనిపిస్తుంది.

జూలై మొదటి వారంలో, ఇక్కడ రాత్రి రెండు గంటలు, అక్కడ పదకొండున్నర అయినప్పుడు మా చెల్లెలు నీళ్ళాడింది. ఆడపిల్ల, రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. ఆసుపత్రి నుంచి వచ్చాక బిడ్డకు లాల పోసినది కింది అంతస్తు అమ్మే. మా అమ్మ ఫోనులో చూస్తూ, “కాళ్ళు చాపి బోర్లా వేసుకో, మాడుకు నూనె పెట్టు” అని ఒకటే హెచ్చరికలు! ఆమె తల ఎత్తకుండానే, “ఐదుగురికి పోసినా అక్కా, నువ్వు కంగారు పడొద్దు” అన్నది. వెల్లుల్లి కారంతో పథ్యం వండి పెట్టినదీ ఆమెయే. అమ్మ కుట్టిన బొంత మరుసటి సంవత్సరం గాని బిడ్డకు అందలేదు. అప్పటికి పిల్ల దానిమీద పడుకోలేదు, తల మీద కప్పుకొని దాగుడుమూతలు ఆడింది.

మీ ఇంటి పిల్లా ఇలా దూరదేశంలో నెలలు నిండుతూ ఉండవచ్చు. మీరు వెళ్ళగలిగితే సరే. వెళ్ళలేకపోతే దిగులు చెప్పి ఆమెకు మరో బరువు పెట్టవద్దు. రోజూ ఒకే వేళకు ఫోను చేయండి. ఆ వేళ కోసం ఆమె ఎదురు చూస్తుంది. చుట్టాల ఇళ్ళలో చెడిన కాన్పుల కథలు ఎత్తవద్దు. పథ్యం వంటలు చేతి రాతతో రాసి పంపండి. రావాలా, ఉండాలా అన్న నిర్ణయం ఆమెకూ ఆమె డాక్టరుకూ వదలండి. మీరు గుడికి పోయేవారైతే గుడిలో, మసీదుకు పోయేవారైతే మసీదులో, మావంటి వారైతే సంఘంలో ఆమె పేరు చెప్పండి. చెప్పామని ఆమెకూ చెప్పండి.

మరొక మాట. మన వీధిలోనే ఏ ఒరిస్సా కూలీ భార్యో, ఏ బీహారు మేస్త్రీ ఇల్లాలో తొలి చూలుతో ఉండవచ్చు. ఆమె అమ్మ కూడా ఏదో ఊళ్ళో ఫోను పట్టుకొని కూర్చొని ఉంటుంది. ఒక గిన్నె అన్నం మెట్ల మీద పెట్టి తలుపు తట్టటానికి మనకు ఆమె భాష రానక్కరలేదు.