'లిపి' అంటే తలరాత కాదు

ఊరి నుంచి అమ్మదో నాన్నదో రక్తపరీక్ష రిపోర్టు ఫోనులోకి రాగానే, ఇక్కడున్న పిల్లలు ముందుగా వెతికేది లావుపాటి అక్షరాల్లో ఉన్న అంకెల కోసం. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ అయితే మరో లెక్క కూడా వేస్తున్నారు. న్యూట్రోఫిల్స్‌ను లింఫోసైట్స్‌తో భాగించి, వచ్చిన అంకెను ఇంటర్నెట్‌లో చూసి కుంగిపోతున్నారు.

ఆ లెక్కకు ఆధారం లేకపోలేదు. కణితుల్లో తెల్లరక్తకణాలు చేరడాన్ని జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కోవ్ 1863లోనే గమనించారు. క్యాన్సర్ ఒంట్లో లోలోపల ఒక మంట రగిలిస్తుంది. దాన్నే డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. అప్పుడు న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, క్యాన్సర్‌తో పోరాడాల్సిన లింఫోసైట్స్ తగ్గుతాయి. కాలేయం సి.ఆర్.పి. అనే ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది, ఆల్బుమిన్ పడిపోతుంది. ఆకలి చచ్చి మనిషి చిక్కిపోవడంలోనూ ఈ మంటకు పాత్ర ఉంది.

ఆపరేషన్‌కు వీలులేని రోగుల్లో సి.ఆర్.పి., ఆల్బుమిన్‌లకు మార్కులు వేసే పద్ధతిని గ్లాస్గో వైద్యులు 2003లో ప్రకటించారు. ఇమ్యునోథెరపీ వచ్చాక, 2018లో ఫ్రాన్స్ పరిశోధకుల బృందం మరో స్కోరు తెచ్చింది. మొత్తం తెల్లకణాల్లోంచి న్యూట్రోఫిల్స్ తీసేసి, మిగిలినదానితో న్యూట్రోఫిల్స్‌ను భాగిస్తే 3 దాటిందా, ఒక మార్కు. ఎల్.డి.హెచ్. మామూలు హద్దు దాటిందా, ఇంకొకటి. రెండూ వస్తే పరిస్థితి గడ్డు అని అర్థం. ఇంగ్లీషు పొడి అక్షరాలు కలిపితే ఆ స్కోరు పేరు 'లిపి'. మనవాళ్ళకు బ్రహ్మ రాసిన రాత గుర్తు రావడంలో వింతేముంది!

కానీ ఆ పోలిక ఇక్కడ పనికిరాదు. అమెరికా ఎఫ్.డి.ఎ. పరిశోధకులు 2019లో పాత ట్రయల్స్ సమాచారం పరిశీలిస్తే, ఇమ్యునోథెరపీ తీసుకున్నా కీమో తీసుకున్నా చెడ్డ స్కోరు ఉన్నవారు తక్కువ కాలమే జీవించారు. అంటే ఇది జబ్బు తీవ్రతను చెబుతుందే గాని, ఏ మందు ఎవరికి పనిచేస్తుందో తేల్చదు. అది తేల్చడానికి ముక్కపరీక్షలో ఇ.జి.ఎఫ్.ఆర్., ఆల్క్, పి.డి.-ఎల్1 చూడాలి. ఇ.జి.ఎఫ్.ఆర్. మార్పు ఉన్నవారికి మాత్రలతోనే వైద్యం మొదలుపెట్టవచ్చు. ఈ ఫలితాలు రాకముందే, నిష్పత్తి బాగాలేదని వైద్యం మానుకోవడం అన్యాయం.

పైగా ఈ అంకెలు తేలిగ్గా మారిపోతాయి. మెదడు వాపుకు ఇచ్చే డెక్సామెథసోన్ న్యూట్రోఫిల్స్‌ను పెంచి లింఫోసైట్స్‌ను తగ్గిస్తుంది. కీమో తరువాత తెల్లకణాల కోసం ఇచ్చే ఇంజక్షన్ కూడా న్యూట్రోఫిల్స్‌ను పెంచుతుంది. న్యుమోనియా వస్తే సి.ఆర్.పి. ఎగబాకుతుంది. శాంపిల్‌లో ఎర్రకణాలు చితికినా ఎల్.డి.హెచ్. ఎక్కువగా కనిపిస్తుంది.

కాబట్టి రిపోర్టు పంపేవారిని రెండు విషయాలు కూడా రాయమనండి: రక్తం తీసిననాటికి స్టెరాయిడ్ వాడుతున్నారా, ఆ వారంలో జ్వరం వచ్చిందా. అక్కడి డాక్టరుగారితో ఫోనులో మాట్లాడేటప్పుడు ఆ వివరాలు చేతిలో ఉండాలి.