కారులో ఈల వస్తోందా? ముందు ఎర్తు చూడండి

నేను సింధనూరు దగ్గర ఒక రైస్ మిల్లులో ఎలక్ట్రీషియన్ని. మోటార్లు, స్టార్టర్లు, ప్యానెల్ బోర్డులు, ఇదే నా లోకం. కార్ల పని నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కానీ మా మేనల్లుడి పుణ్యమా అని ఈమధ్య రెండు ఆదివారాలు కారులోనే గడిచాయి. మన క్యాంపుల్లో చాలామంది కుర్రాళ్లు పాత కార్లు కొని కిరాయికి తిప్పుతున్నారు. నాకు తెలిసింది వాళ్లకీ పనికొస్తుందని రాస్తున్నాను.

వాడిది పాత మారుతీ 800. చీటీ పాడి కొన్నాడు. పెళ్లిళ్లకీ, ఆసుపత్రికీ జనాన్ని మాన్వి మీదుగా రాయచూరు తీసుకెళ్తుంటాడు. డిక్కీలో సెకండ్ హ్యాండ్ ఆంప్లిఫైయరు పెట్టించిన రోజు నుంచీ పాట వెనక సన్నగా ఈల మొదలైంది. ఇంజను రేజ్ చేస్తే ఈల పైకి లేస్తుంది, వదిలేస్తే దిగుతుంది. బిగించిన మనిషిని అడిగితే "ఆంప్లిఫైయరు పోయింది, 7 వేలు పెట్టి కొత్తది వేయించుకో" అన్నాడట. "ఇంకో చీటీ పాడేస్తాను మావయ్యా" అంటూ వచ్చాడు. "ఆగరా, ముందు చూద్దాం" అన్నాను.

ఆ ఈల ఎక్కడిదో చెబుతాను. కారులో ఆల్టర్నేటరు పుట్టించేది మన మిల్లు మోటార్లకొచ్చే మూడు ఫేజుల కరెంటు లాంటిదే. లోపలున్న డయోడ్లు దాన్ని బ్యాటరీకి సరిపడే డీసీగా మారుస్తాయి. అయినా కొంచెం అల మిగిలిపోతుంది. ఆ అల పాట వచ్చే దారిలోకి దూరితే ఈలగా వినిపిస్తుంది. ఇంజను వేగం పెరిగితే ఆల్టర్నేటరు వేగం పెరుగుతుంది, ఈల కూడా పెరుగుతుంది.

మేము వరసగా నాలుగు పనులు చేశాం. మొదట ఇంజను ఆపి, తాళం చెవి సగం తిప్పి పాట పెట్టాం. ఈల లేదు. అంటే అది ఛార్జింగు వైపు నుంచే వస్తోంది. రెండోది, ఇంజను నడుస్తుండగా వాల్యూము పూర్తిగా తగ్గించాం. పాట పోయింది గానీ ఈల అలాగే ఉంది. అంటే స్టీరియో దాటాకే దూరుతోంది. మూడోది, సెట్టు ఆపేసి, స్టీరియో నుంచి ఆంప్లిఫైయరుకొచ్చే పాట వైర్లు, అదే ఆర్.సి.ఏ. వైర్లు, ఊడదీసి మళ్లీ ఆన్ చేశాం. ఈల ఆగిపోయింది! ఆంప్లిఫైయరే పాడైతే ఆ వైర్లు తీసినా కూస్తూనే ఉండాలి కదా. అక్కడే 7 వేలు మిగిలాయి.

నాలుగోది ఎర్తు. ఆంప్లిఫైయరు నల్ల వైరుని పెయింటు మీదే, ఒక చిన్న స్క్రూకి చుట్టేశారు. పెయింటు కరెంటుని సరిగా పోనివ్వదు. సొంత దారి బాగాలేకపోతే ఆ కరెంటులో కొంత పాట వైరు పైపొర గుండా స్టీరియో ఎర్తుకి పోతుంది. ఈల పుట్టేది అక్కడే. ఉప్పుకాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి, వైరుకి లగ్గు వేసి, గట్టి బోల్టుతో బిగించాం. ఎర్తు వైరు అడుగున్నర లోపే ఉంచాం. ఒక్క జాగ్రత్త: వెనక వైపు కొత్తగా రంధ్రం వేసేముందు కింద పెట్రోలు ట్యాంకు ఎక్కడుందో చూసుకోండి.

ఈల ముప్పాతిక పోయింది. మిగిలిన పావలా కోసం వైర్లు వెతికాం. పాట వైరునీ, బ్యాటరీ నుంచొచ్చే కరెంటు వైరునీ ఒకే పక్కన కలిపి లాగేశారు. పాట వైరుని రెండో పక్కకి మారుద్దామని కింది మ్యాటు ఎత్తాం. నాకు గుండె ఆగినంత పనైంది.

బ్యాటరీ వైరు ఇంజను వైపు నుంచి లోపలికొచ్చే రంధ్రంలో రబ్బరు బుష్ లేదు. రేకు అంచు రాసుకుని రాసుకుని వైరు తొడుగు సగం కోసుకుపోయింది. పైగా బ్యాటరీ దగ్గర ఫ్యూజే లేదు. తొడుగు ఇంకాస్త తెగి రాగి రేకుని తాకితే బ్యాటరీ కరెంటంతా ఆ వైరులోనే పారుతుంది. వైరు ఎర్రగా కాలి మ్యాటు అంటుకుంటుంది. ముందు వారమే వాడు మా క్యాంపులో నిండు చూలాలిని ఆ కారులోనే అర్ధరాత్రి రాయచూరు తీసుకెళ్లాడు. వాడికేసి చూశాను. మాట్లాడలేదు, తలొంచుకున్నాడు.

ఆ వైరు మార్చేశాం. రంధ్రానికి రబ్బరు బుష్, బ్యాటరీకి అడుగున్నర లోపే వైరు మందానికి తగ్గ ఫ్యూజు వేశాం. ఖర్చు వెయ్యి కూడా దాటలేదు. ఈల పూర్తిగా పోయింది.

ఇంకో మూడు మాటలు. ఫోను ఛార్జింగులో పెట్టి, దాన్నుంచే వైరుతో పాట వింటుంటే గోల వస్తే, ముందు ఛార్జరు పీకి చూడండి. చాలాసార్లు దొంగ అదే. ఈల కాకుండా టిక్కుటిక్కుమని ఇంజనుతో పాటు వేగం పెరిగితే స్పార్క్ ప్లగ్గు వైర్లు చూపించండి. అన్నీ సరిచేసినా ఈల పోకపోతే ఆల్టర్నేటరు డయోడ్లు పరీక్ష చేయించండి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మామూలుగా 13.8 నుంచి 14.4 వోల్టులు ఉండాలి. పరీక్ష కోసమని నడుస్తున్న ఇంజనుకి బ్యాటరీ వైరు మాత్రం తీయకండి, ఉన్నవి కూడా కాలిపోతాయి.

మీ ఇంట్లో కారుకి బయట ఆంప్లిఫైయరు పెట్టించి ఉంటే, ఈల వచ్చినా రాకపోయినా, ఈ ఆదివారం బానెట్ ఎత్తి బ్యాటరీ దగ్గర ఫ్యూజు ఉందో లేదో చూడండి. అయిదు నిమిషాల పని. మా వాడు ఇప్పుడు కిరాయికి బయల్దేరే ముందు రోజూ చూస్తున్నాడు.