ఒక స్కాట్లండు గేయము: నడక, ప్రాస, పునరుక్తి

చెప్పిన మాటనే మరల చెప్పుట కావ్యమున దోషమని మన లాక్షణికులు హెచ్చరించిరి. కాని పాటకు ప్రాణము పునరుక్తియే. ఈ రెంటికి పొత్తు ఎట్లు కుదురునో తెలిసికొనుటకు స్కాట్లండు కవి రాబర్ట్ బర్న్స్ (1759–1796) గేయమగు 'ఎ రెడ్, రెడ్ రోజ్'ను పరిశీలింతము. జానపదగీతముల పలుకుబడులనుండి ఆయన కూర్చిన ఈ గేయము 1794లో అచ్చయినది.

ఇందు చరణములు నాలుగు. ఒక్కొక్క చరణమునకు పంక్తులు నాలుగు. మన ఛందస్సునకు గురులఘువులు ఆధారము. అచ్చట ఉచ్చారణలో పడు ఊనికయే ఆధారము. బేసి పంక్తులకు నాలుగు ఊనికలు, సరి పంక్తులకు మూడు. అక్కడి కథాగేయములకు అలవాటైన నడక యిది. పొట్టి పంక్తి చివర గాయకునకు ఊపిరి తీసికొను తావు దొరకును. మొదటి పంక్తిలో ఎఱుపును తెలుపు పదము రెండుమారులు వచ్చి, వెనువెంటనే గులాబి వచ్చును. బరువైన మూడు పదములు ప్రక్కప్రక్కన నిలుచుటచే నడక నెమ్మదించును. మూడింటికిని తొలి హల్లు రేఫమే.

మన ప్రాస పాదమున రెండవ అక్షరము, వారిది పాదాంతమున. తొలి రెండు చరణములలో రెండవ, నాలుగవ పంక్తులు మాత్రమే కలియును. తరువాతి రెండింట మొదటి, మూడవ పంక్తులును కలియును. కాని ప్రాసపదములతో కాదు, ప్రియురాలిని పిలుచు ఒకే మాటతో. ప్రాస చేయవలసిన పనిని పునరుక్తియే చేయుచున్నదన్నమాట.

సముద్రములు ఇంకిపోవువరకు ప్రేమింతునను మాటతో రెండవ చరణము ముగియును. ఆ మాటయే, ఒక పిలుపును చేర్చుకొని, మూడవ చరణమునకు మొదలగును. విడిచిన పదమును మరల పట్టుకొను ఇట్టి కూర్పును మన ఆలంకారికులు ముక్తపదగ్రస్త మనిరి.

ఇంత గట్టి ఒట్టు ఎందులకు? కడపటి చరణమువరకు కవి చెప్పడు. అచ్చట వీడ్కోలు మాట వరుసగా రెండు పంక్తుల మొదట వినవచ్చును. ప్రియుడు దూరదేశమునకు పోవుచున్నాడు! అంతవరకు ధీమాగా తోచిన మాటలు ఇప్పుడు మఱియొక విధముగా ధ్వనించును. విడువలేని వాడు, నమ్మింపగోరువాడు, చెప్పినదే చెప్పుచున్నాడు.

జాలి మొదలగు భావముల తీవ్రతను తెలుపునపుడు పునరుక్తి దోషము కాదని దండి 'కావ్యాదర్శము'న మినహాయించెను. కావున పాటలో మాట మరల వచ్చినచోట మనము విసుగుచెందక చెవి యొగ్గవలెను. హృదయము నిలిచియుండు తావు తఱచుగా అదియే.